అంచు తెగిన గింజ

లిల్లీ పువ్వంటే నాకు మొదటినుంచీ పడదు. దర్జీ పని చేసేవాళ్ళెవరికీ పడకూడదు. పువ్వు మధ్యలో ఆరు కేసరాలు వేలాడుతుంటాయి, వాటి నిండా ఇటుకరంగు పుప్పొడి. గాలికి అందులో ఒక్క రవ్వ ఎగిరొచ్చి తెల్లబట్ట మీద వాలిందా, ఇక అంతే సంగతులు. తడిగుడ్డతో తుడిస్తే మరక ఇంకా లోపలికి దిగుతుంది. అలాంటి పువ్వు కుండీని మా వదిన తెచ్చి నా కుట్టుమిషను పక్క కిటికీలోనే పెట్టింది. ఇంట్లో వెలుతురు అక్కడే బాగుంటుందట.

"ఇల్లంతా వదిలేసి నా నెత్తిమీదే పెట్టాలా వదినా?" అన్నాను.

"నెత్తిమీద కాదే కత్తెరా, నీ పక్కన. అందమైనదాని పక్కన కూర్చుంటే నీకూ కాస్త అంటుకోదా అని," అంది.

కత్తెర అనేది ఆవిడ నాకు పెట్టిన పేరు. నా చేతిలో ఉన్నదాన్ని చూసి పెట్టిందో, నోట్లో ఉన్నదాన్ని చూసి పెట్టిందో ఇప్పటికీ అడగలేదు.

నేను భయపడ్డట్టే వారం తిరక్కుండా ఒక నర్సమ్మ తెల్లకోటు మీద మరక పడింది. నేను లబోదిబోమంటూ నీళ్ళకి పరిగెత్తబోయాను. "ముట్టుకోకు," అని వదిన ఒక్క అరుపు అరిచి, అంటించే టేపు ముక్క తుంచి, మరక మీద అద్ది, పైకి లాగింది. పుప్పొడంతా టేపుకే వచ్చేసింది. అంతటితో ఊరుకోకుండా కోటుని కిటికీకి ఎత్తిపట్టి చూసి, నాకు కనపడని ఇంకో రెండు చుక్కలు భుజం కుట్టు దగ్గర పట్టుకుంది. తిట్టడానికి తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. అదీ మా వదిన కన్ను.

ఆ కన్నుకి ఒక చరిత్ర ఉంది. వదిన గాజు సీసాల ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు లైటు బోర్డు ముందు పనిచేసింది. తెల్లగా వెలిగే పలక ముందు స్టూలు మీద కూర్చుంటే, బెల్టు మీద సీసాలు ఒకదాని వెనక ఒకటి ఆ వెలుగు ముందునుంచి పోతుంటాయి. గాజులో బుడగ గాని, వెంట్రుకంత పగులు గాని, లోపల అడ్డంగా నిలిచిపోయిన గాజు పోగు గాని కనిపించిందంటే రెప్పపాటులో చెయ్యి పోయి ఆ సీసాని పక్కకి లాగెయ్యాలి. మా అన్నయ్యది కూడా అదే ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని. "ఆ వరసలోంచి దాటిన సీసాని మళ్ళీ ఎవరూ చూడరు. చూడక్కర్లేదు," అనేవాడు. పెళ్ళాన్ని మెచ్చుకోవడానికి నోరు రాదు కాబట్టి, అదేదో ఫ్యాక్టరీ సంగతి చెబుతున్నట్టు చెప్పేవాడు.

అక్కడ ఏటా ఒక పరీక్ష ఉంటుంది. రెండు వందల సీసాల్లో ఇరవై లోపమున్నవి కలిపేసి బెల్టు మీద వదులుతారు. ఆ ఇరవైనీ పట్టుకోవాలి. వదినకి ఎప్పుడూ ఇరవైకి ఇరవై. ఈ లిల్లీ కుండీ తెచ్చిన ఏడు మాత్రం పదిహేడే. మూడు సీసాలు ఆవిడ కళ్ళముందునుంచే వెళ్ళిపోయాయి. మర్నాడు ఆవిడని అట్టపెట్టెలు అంటించే గదికి మార్చారు. కళ్ళ డాక్టరు చూసి, "కళ్ళకేం కాలేదమ్మా, అద్దాలు మార్చాలి, అంతే," అన్నాడు. కొత్త అద్దాలు వచ్చాయి. ఏడాదిలోపు ఎప్పుడు చీటీ రాసిచ్చినా మళ్ళీ పరీక్ష పెడతామని సూపర్‌వైజరు కూడా చెప్పాడు. వదిన చీటీ రాయలేదు.

అద్దాలు బాగుపడ్డాయి గాని, ఆవిడ నమ్మకం బాగుపడలేదు. నా సూదులన్నిటికీ దారం ఎక్కించిపెట్టే మనిషి, సూది చేతికిస్తే "నువ్వే ఎక్కించుకో" అని తప్పుకునేది. కడిగిన గ్లాసు తెచ్చి, "శుభ్రంగానే ఉందా?" అని అడిగేది. ఎదురుగా వస్తున్న బస్సు నంబరు చదివి కూడా, "అదేనా?" అని నా మొహం చూసేది. ఆ చూపు చూస్తే నా ప్రాణం ఉసూరుమనేది. అన్నయ్య ఒకసారి ఓదార్చబోయి, "పెట్టెలు అంటించే పని హాయి కదా, మధ్యలో టీ కూడా తాగొచ్చు," అన్నాడు. ఆ తర్వాత రెండు రోజులు ఆయనకి వడ్డించింది నేనే.

సరిగ్గా అప్పుడే ఆవిడ లిల్లీల మీద పడింది. పూసింది చాలదని, దానిచేత విత్తనం కట్టించాలని పట్టుపట్టింది. ఆ మొక్క పుప్పొడి ఆ మొక్కకే పనికిరాదట, ఇంకో లిల్లీది కావాలట. మా వీధి చివర పువ్వుల కొట్టాయన లిల్లీ మొగ్గ విచ్చుకోగానే కేసరాలు కత్తిరించి పారేస్తాడు, కొనేవాళ్ళ బట్టలు పాడవకుండా. అందుకు నాకు ఆయనంటే చాలా గౌరవం. వదిన ఖాళీ అగ్గిపెట్టె పట్టుకెళ్ళి ఆయన ముందు నిలబడింది.

"ఆ పారేసేవి నాకిస్తారా?"

"చెత్తేం చేసుకుంటావమ్మా?"

"పిల్లల్ని కంటానండీ," అంది వదిన. పక్కనున్న నాకు సిగ్గుతో చచ్చినంత పనయింది.

ఆయన నవ్వి ఎర్రలిల్లీ కేసరాలిచ్చాడు. వదిన వాటిని మా తెల్లలిల్లీ మధ్యలో ముల్లులా పొడుచుకొచ్చిన కాడ జిగురు కొసకి చిటికెనవేలితో అద్ది, గుర్తుగా నా దారపుకండెలోంచి మూరెడు ఆకుపచ్చ దారం లాగి కట్టింది. పువ్వు రాలిపోయింది. దాని వెనక బొటనవేలంత కాయ నిలిచింది. ఆకుపచ్చ కాయ పసుపై, పసుపు గోధుమరంగై, కొస పగిలేదాకా మూడు నెలలు ఆవిడ దాన్ని కళ్ళల్లో వత్తులు వేసుకుని చూసింది.

"కొట్లో దుంప తెచ్చి నాటితే ఈ ఏడే పూస్తుంది కదా. గింజనుంచైతే ఎన్నాళ్ళు?" అన్నాను.

"నాలుగేళ్ళు. ఐదు కూడా పట్టొచ్చు."

"నాలుగేళ్ళే!"

"నువ్వు కుట్టిపెడతానన్న నా జాకెట్టుకంటే ముందే వస్తుందిలే."

ఒక సెలవురోజు మధ్యాహ్నం నా కత్తిరింపుల బల్ల సగం ఖాళీ చేయించి ఆ కాయ విప్పింది. ఫొటో ఫ్రేము అద్దం ఊడదీసి రెండు లావుపాటి పుస్తకాల మీద ఆనించి, కింద దీపం పెట్టింది. కాయ లోపల గింజలు ఆరు దొంతులుగా, గోధుమరంగు కాగితం బిళ్ళల్లా పేర్చి ఉన్నాయి. మొత్తం రెండు వందల పన్నెండు. వాటిని విడదీస్తుంటే ఆవిడ గోరు తగిలి ఒక గింజ అంచు అర్ధచంద్రంలా తెగింది. నొచ్చుకుని, దాన్నీ మిగతావాటితోపాటే పెట్టింది.

"అన్నీ మొలవవు. జీవమున్నదానికి మధ్యలో సన్నని గీత ఉంటుంది. లేనిది తాలు, వట్టి పొర," అని, ఒక గింజ వెలుగులో పెట్టి నన్ను చూడమంది. నాకు అన్నీ ఒక్కలాగే కనిపించాయి.

మొదటి పది గింజలూ నెమ్మదిగా, భయంభయంగా చూసింది. తర్వాత ఆవిడ చేతికి పాత లయ వచ్చేసింది. ఎడమచేత్తో అద్దం మీదికి జరపడం, ఒక్క చూపు, మణికట్టు చిన్న విదిలింపు: జీవమున్నది కుడికి, తాలు ఎడమకి. నేను మిషను ఆపేసి చూస్తూ కూర్చున్నాను. నలభయ్యేళ్ళ బతుకులో చాలామంది పనివాళ్ళని చూశాను, నేనూ తక్కువదాన్ని కాను. కానీ అంత ముచ్చటైన పని నేనెక్కడా చూడలేదు. ఆ గంటసేపూ ఆవిడ ఎవరినీ ఏమీ అడగలేదు.

ఇంతలో ఒకాయన వచ్చి, ప్యాంటు అంచు ఇప్పుడే కావాలని గుమ్మంలో నిలబడ్డాడు. నేను మళ్ళీ మిషను తొక్కడం మొదలుపెట్టాను. అప్పుడే వదిన చెయ్యి ఆగింది. ఆ అంచు తెగిన గింజని వెలుగులో పెట్టి, తిప్పి, మళ్ళీ పెట్టింది.

"కత్తెరా, ఇలా చూడు. గీత ఉందా దీనికి?"

నేను సగం లేచి, కళ్ళు కుట్టు మీదే ఉంచి, మెడ మాత్రం అటు తిప్పినట్టు నటించాను. "ఏమో వదినా, నాకేం కనపడట్లేదు. తాలేలా ఉంది."

"అంతేనంటావా," అని దాన్ని ఎడమకి వేసింది.

చివరికి కుడివైపు ఎనభై ఎనిమిది తేలాయి, ఎడమవైపు నూట ఇరవై నాలుగు. తడిపి గట్టిగా పిండిన కొబ్బరిపొట్టులో ఆ ఎనభై ఎనిమిదీ కలిపి, జిప్ కవర్లో పోసి, మీద తారీఖు వేసి వంటింటి అలమరలో పెట్టింది. ఈ రకం లిల్లీ ముందు మట్టి లోపలే పిల్లదుంప వేస్తుందట. దానికి మూడు నెలలు వెచ్చగా ఉండాలి. ఆపైన మూడు నెలలు ఫ్రిజ్‌లో చలి తగలాలి. అప్పుడు గాని ఆకు బయటికి రాదు.

"మూడు నెలలదాకా కవరు విప్పను. అందులో ఎన్ని దుంప వేశాయో చూసి, అప్పుడు ఆలోచిస్తా చీటీ సంగతి," అంది. లెక్క చూస్తే, కవరు విప్పే రోజుకి ఫ్యాక్టరీ వాళ్ళ గడువు ఇంకా పది రోజులుంటుంది. అంటే ఆవిడ తన ఉద్యోగాన్ని ఆ కవర్లోనే పెట్టి జిప్ వేసిందన్నమాట.

"ఆ తాలు చెత్తబుట్టలో పారెయ్," అంది వెళ్తూ.

నేను పారెయ్యలేదు. ఇది చెప్పుకోవడానికి ఇప్పటికీ నాకు మొహం చెల్లదు. ఆవిడ పని అంత మురిసిపోతూ చూసినదాన్నే, తీరా గింజలు చేతిలోకి వచ్చాక ఆ పదిహేడు గుర్తొచ్చింది. ఒకవేళ పొరబడితే? జీవమున్నవి తాలులో పడిపోతే? అందుకని ఆ నూట ఇరవై నాలుగునీ అలాగే కొబ్బరిపొట్టులో కలిపి, ఇంకో కవర్లో పోసి, నా బొత్తాల డబ్బాల వెనక దాచాను. అందులో ఏవైనా దుంప వేస్తే, ఆవిడ కవరు విప్పేలోపు గుట్టుగా అందులోకి మార్చేద్దామని నా ఎత్తు. అది జాలి అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. జాలి కాదు, అపనమ్మకం.

మూడు నెలలూ వదిన ఒక్కసారి కూడా ఆ అలమర తలుపు తెరవలేదు. నాకు ఆ నిగ్రహం లేదు. వదిన తన కవరు విప్పాల్సిన రోజుకి ముందురోజు నా కవరు విప్పి బల్ల మీద పోశాను. గింజలన్నీ కుళ్ళి నీరుకారి ఉన్నాయి. గుప్పున వాసన. చివరికి ఒకటి చేతికి తగిలింది: బియ్యపుగింజంత తెల్లని దుంప, దాని అడుగున నూలుపోగులాంటి వేరు. సరే, ఒక్కటే కదా, పొద్దున్నే ఆవిడ లేవకముందే మార్చేద్దామని మళ్ళీ కవర్లో వేసి దాచాను.

పొద్దున నేను లేచేసరికి వదిన అప్పటికే నా బల్ల ముందు కూర్చుని ఉంది. ఎదురుగా పాత పేపరు పరిచి ఉంది. నా ఎత్తు అక్కడితో చిత్తయింది.

కవరు బోర్లించి వేలికొసలతో కొబ్బరిపొట్టు విడదీస్తూ ఒక్కొక్కటే లెక్కపెట్టింది. రెండు కుళ్ళిపోయాయి. మిగతా ఎనభై ఆరూ దుంప వేశాయి. తెల్లగా, గట్టిగా, ఒక్కోదానికి పాత గింజ పొట్టు ఇంకా టోపీలా అంటుకుని ఉంది. నేను ఎగిరి గంతేశాను. రాత్రి డ్యూటీ చేసొచ్చి పడుకున్న అన్నయ్య నా కేకలకి లేచొచ్చాడు. "ఎనభై ఎనిమిదికి ఎనభై ఆరు అన్నయ్యా!" అన్నాను. ఆయన కళ్ళు నులుముకుంటూ, "మరి? ఆ వరసలోంచి దాటినవి కదా," అన్నాడు.

వదిన మొహంలో మాత్రం సంతోషం లేదు. అద్దాలు తీసి చీరకొంగుతో తుడుస్తూ కూర్చుంది.

"ఏమైంది వదినా? ఇంకేం కావాలి?"

"ఇది సగమే కదే. మంచివాటిని మంచివి అన్నాను, సరే. మంచివాటిని చెడ్డవి అని ఎన్ని పారేశానో? ఫ్యాక్టరీలో నేను పక్కకి లాగిన సీసాలు సాయంత్రం మళ్ళీ చూసేవాళ్ళు. బాగున్న సీసాని పగలగొట్టించడం కూడా తప్పే. ఇక్కడ ఎవరు చూశారు? ఆ తాలంతా చెత్తబుట్టలో పోయింది. అది తెలీకుండా నేనేమని చీటీ రాయను?"

కవరుందని చెబితే, ఎందుకు దాచావంటుంది. పోనీ ఆ ఒక్క దుంపా తీసేసి ఇద్దామంటే నిమిషం పని, పూర్తి మార్కులు. కానీ ఎనభై ఆరు దుంపలు ముందు పెట్టుకుని, తన తప్పు ఎక్కడుందో వెతుక్కునే మనిషిని మోసం చెయ్యడానికి నాకు చేతులు రాలేదు. బొత్తాల డబ్బాలు జరిపి కవరు తెచ్చి బల్ల మీద పెట్టాను.

"ఇదేంటి?"

"నీ తాలు. పారెయ్యలేదు."

"ఎందుకని?"

"నీ కన్ను మీద నమ్మకం లేక, వదినా."

అన్నయ్య మెల్లగా వంటింట్లోకి జారుకున్నాడు. వదిన నా వంక చూసింది. తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను. ఆవిడ అద్దాలు గబగబా పెట్టుకుని, ఆకలిమీదున్న మనిషి కంచం లాక్కున్నట్టు కవరు లాక్కుంది.

"ఎంత మంచి పని చేశావే!" అంది.

ఒక్కో గింజా తీసి చూసి పక్కన పెట్టింది. కుళ్ళినది, కుళ్ళినది, కుళ్ళినది. యాభై, వంద, నూట ఇరవై. చివరికి ఆ దుంప బయటపడింది. ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"ఒక్కటే కదా వదినా. నూట ఇరవై నాలుగులో ఒక్కటి," అన్నాను గబగబా.

ఆ దుంపని అరచేతిలో పెట్టుకుని కిటికీ దగ్గరికి వెళ్ళింది. చాలాసేపు చూసింది. తర్వాత భుజాలు కదిలాయి. ఏడుస్తోందనుకుని నేను లేచాను. ఏడవడం లేదు, నవ్వుతోంది.

"కత్తెరా, ఇలా రా. దీని పొట్టు చూడు. ఈసారైనా చూడు."

వంగి చూశాను. దుంపకి అంటుకున్న గింజ పొట్టు అంచున అర్ధచంద్రంలా తెగి ఉంది.

ప్యాంటు అంచూ, గుమ్మంలో మనిషీ, నేను తిప్పినట్టు నటించిన మెడా అన్నీ గుర్తొచ్చాయి. "నేను చూడలేదు వదినా. ఆరోజు అసలు చూడకుండానే చెప్పాను. తప్పు నాది."

"నీది కాదు," అంది వదిన. నవ్వు ఆగింది గాని గొంతులో ఇంకా ఉంది. "నాకు గీత కనపడింది. వెంట్రుకలా ఉంది, కానీ కనపడింది. కనపడినదాన్ని వదిలేసి నీ మాట పట్టుకున్నాను. ఆ మూడు సీసాలప్పుడు నాకు నిజంగా కనపడలేదు, అది పాత అద్దాల తప్పు. ఇది మాత్రం కనపడిందే!"

ఆ చివరిమాట ఆవిడ నాతో అనలేదు. కిటికీతో అంది, వెలుగుతో అంది. తర్వాత చెయ్యి చాపి, "పెన్నియ్యి," అంది. నా కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, నిలబడే చీటీ రాసేసింది.

పరీక్షలో ఇరవైకి ఇరవై వచ్చాయి. సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విడుస్తూ ఆ మాట చెప్పి, "టీ ఉందా?" అని అడిగింది. అన్నయ్య అప్పటికే పెట్టి ఉంచాడు. నాకు ఆశ్చర్యమేం వెయ్యలేదు. గర్వం మాత్రం పట్టనలవి కాలేదు. మర్నాడు వచ్చిన గిరాకీలందరికీ అడక్కుండానే చెప్పాను.

ఫ్రిజ్‌లో మూడు నెలల చలీ తీరాక, ఆ అంచు తెగిన గింజ దుంపని వదిన విడిగా చిన్న కుండీలో పెట్టి నాకిచ్చింది. మొదటి ఏడు గడ్డిపోచలాంటి ఒక్క ఆకు. రెండో ఏడు మూడు. నీళ్ళు నేనే పోశాను, పురుగు నేనే ఏరాను, రోజూ దాన్ని నేనే తిట్టాను. ఐదో ఏడు పూసింది. తల్లిలా తెలుపూ కాదు, తండ్రిలా ఎరుపూ కాదు. మీగడరంగు రేకలు, లోపలికి పోయేకొద్దీ దానిమ్మగింజ రంగు. గది నిండా వాసన. కేసరాలు కత్తిరించేద్దామని కత్తెర పట్టుకుని ముందు నిలబడ్డాను, కత్తిరించలేకపోయాను. ఆ ఏడు మూడు తెల్లచొక్కాల మీద పుప్పొడి పడింది. టేపు ఉంది కదా.

పువ్వుల కొట్టాయనిచ్చిన పుప్పొడి అద్దితే ఆ పువ్వుకీ కాయ కట్టింది. కాయ పగిలిన రోజు వదిన బల్ల మీద అద్దం ఆనించి, దీపం వెలిగించి, నన్ను ముందు కూర్చోబెట్టి, తను కుళాయి దగ్గర గిన్నెలు కడగడానికి వెళ్ళిపోయింది. నా కళ్ళు అలవాటు పడడానికి చాలాసేపు పట్టింది. గీత ఉన్నదీ లేనిదీ మెల్లగా తెలిసొస్తోంది. ఒక గింజ దగ్గర ఆగిపోయాను. ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది.

"వదినా, ఒకసారి వచ్చి ఇది చూస్తావా? గీత ఉందో లేదో తెలీడం లేదు."

కుళాయి కట్టేసిన చప్పుడైంది గాని ఆవిడ రాలేదు.

"నీకేం కనపడుతోంది?" అని అక్కడినుంచే అడిగింది.

గింజని మళ్ళీ వెలుగులో పెట్టాను. మిషను ఆగి ఉంది, గుమ్మంలో ఎవరూ లేరు. తీరిగ్గా చూశాను.

"గీతే వదినా. సన్నగా ఉంది."

"మరైతే ఉన్నట్టే," అని వదిన మళ్ళీ కుళాయి తిప్పింది.